హోటలు బల్ల మీద మునుగోడు

మా ఊరి హోటలు మామ పోయాడని ఊరి వాట్సాప్ గ్రూపులో చూసి దినాలకు వెళ్ళొచ్చాను. చండూరులో బస్సు దిగి ఆటో కోసం నిలబడితే ఎక్కడి నుంచో గంజి వాసన వచ్చింది. తాగే గంజి కాదు, నూలుకు పట్టించేది. కొంచెం పులుపు, కొంచెం పచ్చిపిండి, ఎండలో కాగిన దారం, అన్నీ కలిసిన వాసన. మగ్గాల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు, పుట్టనివాళ్ళకు ఎంత చెప్పినా అందదు.

ఆ వాసన వస్తే నాకు ఓట్లు గుర్తొస్తాయి. మా వాడకట్టులో పడుగు, అంటే మగ్గానికెక్కించే పొడుగు దారాలు, చాపే జాగా, మామ హోటలు ఎదురెదురు. తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు చాపి, కుంచెలతో గంజి పట్టించి, అది ఆరేదాకా మగవాళ్ళంతా హోటలు బల్లల మీదికి చేరేవాళ్ళు. ఆడవాళ్ళకు ఆ కాస్త తీరిక కూడా ఉండేది కాదు, ఇళ్ళలో కండెలు చుడుతూ ఉండేవాళ్ళు. వాళ్ళ సంగతి తర్వాత చెప్తాను.

హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, రెండు పొడుగు బల్లలు, మట్టిపొయ్యి, పొగకు నల్లబడ్డ గోడకు ఒక చెక్క పలక, దాని మీద రేడియో. పొద్దున ఆరూ నలభై ఐదుకు ప్రాంతీయ వార్తలు మొదలవగానే మామ చేతిలో గిన్నె దించేసి "ఆగుండ్రి, ఆగుండ్రి" అనేవాడు. వార్తలు అయ్యేదాకా ఎవరికీ చాయ్ పోసేవాడు కాదు. అయ్యాక మాత్రం అందరికంటే ముందు నోరు తెరిచేది ఆయనే.

ఉద్దెర ఖాతా రాసే పొడుగు పుస్తకం ఒకటి ఉండేది మామ దగ్గర. ముందు నుంచి తిరగేస్తే బాకీలు, వెనక నుంచి తిరగేస్తే పందేలు. ఓట్లు దగ్గర పడ్డాయంటే ఎవరు గెలుస్తారో, మెజారిటీ ఎంతో ఒక్కొక్కరి చేత చెప్పించి రాసుకునేవాడు. ఓడినవాడు అందరికీ చాయ్ తాపించాలి. బాకీలు ఎగ్గొట్టినవాళ్ళు ఉన్నారేమో కానీ పందెం చాయ్ ఎగ్గొట్టినవాడు ఊళ్ళో లేడు.

*

నా చిన్నప్పుడు మా దగ్గర ఉన్నవి రెండే గుర్తులు. చెయ్యి, కంకి కొడవలి. మా మునుగోడు నియోజకవర్గం 1967లో పుట్టినప్పటి నుంచి కాంగ్రెస్ తరఫున పాల్వాయి గోవర్ధన్ రెడ్డి వరుసగా గెలుస్తూ వచ్చారు. 1985లో సీపీఐ నుంచి ఉజ్జిని నారాయణరావు వచ్చి ఆయన గెలుపుకు అడ్డుకట్ట వేశారు. తర్వాత 1989లో, 1994లో కూడా కంకి కొడవలే. తెలుగుదేశం పొత్తులో ఈ సీటు కమ్యూనిస్టులదే కాబట్టి, ఎన్టీఆర్ మీద అభిమానం ఉన్నవాళ్ళు కూడా కంకి కొడవలికే వేసేవాళ్ళు. సైకిలు గుర్తు కనిపించక మా నాయనమ్మ బూత్‌లో "రామారావు ఏడున్నడు బిడ్డా?" అని అడిగిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు మా ఇంట్లో.

హోటల్లో కంకి కొడవలి వైపు ఒక తాత ఉండేవాడు. సాయుధ పోరాటంలో దళాలకు అన్నం మోసిన మనిషి. చిన్నా పెద్దా అందరూ కామ్రేడ్ తాత అనేవాళ్ళు. ఎదుటి పక్షం ఊరి పటేలు. ఆయనొస్తే మామ లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసేవాడు. తాత మాత్రం బల్ల మీద నుంచి లేచేవాడు కాదు. వాళ్ళిద్దరి మాటలు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

"మీ పార్టోళ్ళు మంచోళ్ళే తాతా, పైస తినరు. ఐతె మంచితనంతోటి నీళ్ళొస్తయా?"

"మీరు పద్దెనిమిదేండ్లు ఏలితిరి గద పటేలా. మీరు తెచ్చిన నీళ్ళు ఏడున్నయో చూపియ్యి, పోయి కాళ్ళు గడుక్కోనొస్త."

అంతే, బల్ల దద్దరిల్లేది. కిలో రెండు రూపాయల బియ్యంలో తూకం సరిగ్గా ఉందా లేదా, జనతా చీరలు, ధోవతుల ఆర్డర్లు చేనేత సొసైటీకి వచ్చాయా, వస్తే నూలు ఎవరింటికి పోయింది, కూలి ఎందుకు పెరగలేదు... సర్కారు పని మీద ఇంత నిలదీత నేను తర్వాత ఏ టీవీ చర్చలోనూ వినలేదు. అక్కడున్నవాళ్ళు గాల్లో మాట్లాడేవాళ్ళు కాదు మరి. సొసైటీ నుంచి నూలు ఎన్ని చిలపలు వచ్చిందో లెక్క తెలిసినవాడు అక్కడే కూర్చుని ఉండేవాడు. అబద్ధం చెప్తే చాయ్ చల్లారేలోపు దొరికిపోవాల్సిందే.

ఎంత తిప్పి మాట్లాడినా ముచ్చట చివరికి నీళ్ళ దగ్గరికే వచ్చి ఆగేది.

*

నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ళ గురించి పేపర్లలో చదివినవాళ్ళకు వంకర తిరిగిన కాళ్ళ ఫోటోలు గుర్తుంటాయి. మాకు గుర్తుండేవి అవి మాత్రమే కాదు. బోరింగు నీళ్ళు పోస్తే ఎంతసేపైనా ఉడకని కందిపప్పు. స్కూల్లో గ్రూప్ ఫోటో తీసేటప్పుడు నోరు మూసుకుని నిలబడ్డ మా క్లాసు మొత్తం. మర్రిగూడ వైపు ఇచ్చిన మా మేనత్త నవ్వొచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అది సిగ్గనుకునేవాణ్ణి. పళ్ళ మీది గార కనిపించకుండా అని పెద్దయ్యాక గానీ తెలియలేదు. నలభై దాటేసరికి మోకాళ్ళు మడత పడక, మగ్గం గుంటలో కూర్చోలేక పని మానేసింది.

స్కూల్లో సైన్సు సారు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళు శుభ్రం చేసే పద్ధతి నేర్పాడు. దాని పేరే నల్గొండ టెక్నిక్. ప్రపంచంలో మా జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కింది. గొప్పే మరి!

1996 లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. నాకు అదే మొదటి ఓటు. కృష్ణా నీళ్ళు ఇవ్వకుండా ఓట్లు ఎలా అడుగుతారని జల సాధన సమితి పిలుపునిచ్చింది. దుశ్చర్ల సత్యనారాయణ ముందుండి నడిపించిన ఉద్యమం అది. ఊరూరా నామినేషన్లు వేయించారు. అప్పుడు లోక్‌సభకు డిపాజిట్ అయిదు వందలే కాబట్టి చందాలు వేసుకుని కట్టేశారు. నల్గొండ లోక్‌సభ స్థానానికి మొత్తం 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. అంతమంది పేర్లు, గుర్తులు ఒక కాగితం మీద ఎలా పడతాయి? పోలింగ్ వాయిదా వేసి, బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చేశారు.

ఆ రోజుల్లో హోటల్లో నడిచిన వాదం మామూలు ఓట్ల వాదం కాదు. ఎవరికి వేయాలన్నది పక్కకు పోయి, అసలు ఇలా చేస్తే ఢిల్లీకి వినపడుతుందా లేదా అన్నది ముందుకొచ్చింది. కామ్రేడ్ తాతకు ఇరకాటం. పోటీలో ఉన్నది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం, తాత ప్రాణం పెట్టే మనిషి. కానీ నామినేషన్ వేసినవాళ్ళలో తాత సొంత తమ్ముడి కొడుకు ఉన్నాడు.

"నీ తమ్ముని కొడుకుకు వేస్తవా, ధర్మభిక్షంకు వేస్తవా తాతా?" అని మామ కావాలనే గిల్లేవాడు.

"ఆని నామినేషన్‌కు చందా ఇచ్చిన. ఓటు మాత్రం పార్టీకే ఏస్త. రెండూ నీళ్ళ కోసమే గదరా."

నేను బూత్‌లో ఆ పుస్తకం చేతికి తీసుకున్నప్పుడు పేజీలు తిప్పుతూ గుర్తు వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది. వెనక లైన్లో ఉన్న ముసలాయన "లోపల పరీక్ష రాస్తున్నడా ఏంది?" అని అరిచాడు. లెక్కింపులో ధర్మభిక్షమే గెలిచారు. అభ్యర్థుల్లో దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. అదే ఏడాది డిపాజిట్‌ను అయిదు వందల నుంచి పది వేలకు పెంచారు. నీళ్ళు రాలేదు గానీ ఫీజు మాత్రం వెంటనే పెరిగిందని మామ చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు.

*

ఆడవాళ్ళ సంగతి చెప్తానన్నాను కదా.

మా అమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ మధ్యాహ్నం పూట మా అరుగు మీద చిటికి కట్టేవాళ్ళు. పుట్టపాక, గట్టుప్పల్, చండూరు వైపు ఇక్కత్ పని తెలిసినవాళ్ళకు అదేమిటో తెలుసు. రంగు ఎక్కకూడని చోట నూలును రబ్బరు పట్టీతో బిగించి కట్టడం. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటాయి కాబట్టి నోటికి తీరిక. వాళ్ళు ఓట్ల గురించి మాట్లాడుకునేవాళ్ళని మగవాళ్ళెవరికీ తెలియదు, తెలిసినా లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు.

హోటల్లో పార్టీలు మాట్లాడుకునేవి. అరుగు మీద మనుషుల గురించి మాటలు నడిచేవి. ఫలానా నాయకుడు సావుకొచ్చాడా లేదా. వచ్చినవాడు ఇంటి ముందు నిలబడి పోయాడా, లోపలికొచ్చి కూర్చున్నాడా. మంచినీళ్ళిస్తే తాగాడా, "ఇప్పుడే తాగొచ్చిన" అన్నాడా. ఈ చివరి పరీక్షలో మా జిల్లాలో చాలామంది ఫెయిలయ్యేవాళ్ళు, ఆ నీళ్ళ సంగతి అందరికీ తెలుసు కాబట్టి. సారా మీద కోపం కూడా ముందు ఆ అరుగు మీదే విన్నాను, హోటల్లో కాదు. హోటల్లో సగం మంది సాయంత్రానికి ఎక్కడ తేలేవాళ్ళో అందరికీ తెలిసిందే.

నన్నడిగితే మా ఊళ్ళో అసలైన తీర్పు ఆ అరుగు మీదే రాసేవాళ్ళు. హోటలు బల్ల దాన్ని ఆలస్యంగా చదివేది.

*

చదువు, ఉద్యోగం అంటూ నేను హైదరాబాద్ చేరాను. వనస్థలిపురం, ఎల్బీనగర్ వైపు వస్తే మా మునుగోడు వాళ్ళు గల్లీకి నలుగురు తగులుతారు. ఓటు మాత్రం ఊళ్ళోనే ఉంచుకున్నాను. కామ్రేడ్ తాత, పటేలు ఇద్దరూ పోయారు. తెలంగాణ వచ్చింది, టీఆర్ఎస్ కారు గుర్తు వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ మధ్య కాలంలో ఊరి ఓట్ల మీద నాకంత ధ్యాస లేదు.

2022 ఆగస్టులో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్‌కూ ఎమ్మెల్యే పదవికీ రాజీనామా చేసి బీజేపీలో చేరారు. ఉప ఎన్నిక వచ్చిపడింది. ఇక చూడండి! దసరాకు ఊరికి పోతే మా ఊరు నేనే గుర్తుపట్టలేదు. సందు సందుకీ ఫార్చ్యూనర్లు. మంత్రులు, ఎమ్మెల్యేలు ఊళ్ళకు ఇన్‌ఛార్జీలు. మర్రిగూడ మండలం లెంకలపల్లికైతే ముఖ్యమంత్రి కేసీఆరే ఇన్‌ఛార్జి. మామ హోటలుకు పొద్దున అయిదింటికే మూడు పార్టీల వాళ్ళు వచ్చి, అక్కడున్న అందరి చాయ్ పైసలూ తామే ఇస్తామని కొట్టుకునేవాళ్ళు. అప్పటికే మామకు డెబ్బై దాటాయి. "అల్లుడూ, ఉద్దెర రాసే పని లేని ఓట్లు ఇవే సూస్తున్న" అన్నాడు.

కానీ బల్ల మీద వాదన తగ్గింది. తెల్ల చొక్కాలు కూర్చుంటే ఊరివాళ్ళు అవునవునని తలాడించేవాళ్ళు. వాళ్ళు కారెక్కి పోయాక మొదలయ్యేది అసలు ముచ్చట.

"రాజీనామా జెయ్యబట్టే గట్టుప్పల్ మండలమైంది."

"రాజీనామా కంటె ముందే ప్రకటించిండ్రు గదనే. ఏండ్ల సంది వాళ్ళు కొట్లాడలేదా?"

"జేస్తడని తెలిసినంకనే గద ప్రకటించింది."

"అట్లయితె ఏడాదికోసారి రాజీనామా జేపిద్దాం తియ్యి. రోడ్లన్న అయితయ్."

నవ్వుకున్నా ఇది నవ్వులాట మాట కాదు. దుబ్బాక, హుజూరాబాద్ ఉప ఎన్నికలు చూశాక తెలంగాణలో చాలా ఊళ్ళలో మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేస్తే బాగుండని జనం బాహాటంగానే అన్నారు. మునుగోడు గెలిపిస్తే నియోజకవర్గాన్ని దత్తత తీసుకుంటానని కేటీఆర్ అన్నప్పుడు, మా ఊరి రిటైర్డ్ సారు చాయ్ ఊదుకుంటూ "దత్తత పోతే మన ఇంటిపేర్లు గిట్ట మారతయా?" అన్నాడు.

చేనేత మీద అయిదు శాతం జీఎస్టీ ఎత్తేయాలని ప్రధానికి పోస్టుకార్డులు రాసే ఉద్యమం కూడా అప్పుడే నడిచింది. మా అమ్మ చేతా ఒక కార్డు రాయించారు. సంతకం పెట్టి, కార్డు తెచ్చిన పిల్లవాణ్ణి ఒకటే ప్రశ్న అడిగింది: "ఢిల్లీకి రాసినం సరే, హైదరాబాదుకు రాసే కార్డు ఏది బిడ్డా? మా సొసైటీల చీరలు ఎవరు కొంటరు?" ఆ అబ్బాయి సమాధానం చెప్పకుండా పక్కింటికి పోయాడు.

మేనత్తను చూడ్డానికి మర్రిగూడ వైపు వెళ్ళాను. మిషన్ భగీరథ నల్లా వాకిట్లోనే ఉంది. తిప్పితే నీళ్ళొచ్చాయి. కృష్ణా నీళ్ళు. నేను గ్లాసుడు తాగాను. ఏ రుచీ లేకపోవడమే వాటి రుచి. ఈ ఒక్క పని చేసిన సర్కారుకు ఓటేస్తే తప్పేముందని నాకనిపించింది, ఆ మాటే అత్తతో అన్నాను.

"నీళ్ళయితె వచ్చినయ్ రా. అబద్ధమెందుకు. నా మోకాళ్ళెవరు తెస్తరు?" అంది. శివన్నగూడెంలో ఫ్లోరోసిస్ బాధితుడు అంశాల స్వామి ఇంట్లో కేటీఆర్ భోంచేసిన సంగతి అప్పుడు టీవీలన్నిట్లో వచ్చింది. పాపం, స్వామి ఆ తర్వాత కొన్ని నెలలకే చనిపోయారు. అత్త దాని గురించి ఎత్తి, "తిన్నడు, మంచిదే. అరుగు మీద పరీచ్చలో పాసైనట్టే" అంది. ఆ అరుగు పరీక్ష మా అమ్మ వాళ్ళ సొంతం అనుకునేవాణ్ణి. అత్తింటికి పోయేటప్పుడు అత్త దాన్ని కూడా పట్టుకుపోయిందన్నమాట.

*

డబ్బుల సంగతి దాటేసి పోతే అబద్ధం రాసినట్టవుతుంది. పంచారు. ఒక పార్టీ అని కాదు. పక్క ఊరికి ఎక్కువిచ్చి మాకు తక్కువిచ్చారని రోడ్డెక్కిన వాళ్ళనూ చూశాను. టీవీల వాళ్ళు అది చూపించి మునుగోడు జనం అమ్ముడుపోయారన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మండుతుంది. మామ హోటల్లో ఒక కుర్రాడు ఇంకొకణ్ణి నిలదీశాడు: "ఇద్దరి తాన తీసుకుంటివి. ఇగ రోడ్డు ఎందుకెయ్యలేదని ఏ మొఖం పెట్టుకోని అడుగుతవ్?" రెండోవాడు తడుముకోకుండా, "వాళ్ళ జేబులకెళ్ళి ఇచ్చిన్రా? రోడ్డు పైసలే ఇట్ల ఇచ్చిన్రు, రోడ్డు బాకీ అట్లనే ఉన్నది" అన్నాడు. అది సరైన జవాబని నేననను. కానీ ఆ పిల్లవాడు లెక్క మరిచిపోలేదు.

నవంబరు 3న పోలింగ్. హైదరాబాద్ నుంచి మమ్మల్ని తీసుకుపోవడానికి బస్సులు పెట్టారు. నేను ఆర్టీసీలో పోయాను, గొప్ప కోసం కాదు, ఆ బస్సులో పాటల మోత పడలేక. 47 మంది అభ్యర్థులు, నోటాతో కలిపి 48 మీటలు, మూడు ఈవీఎంలు వరసగా. 480 మందిని చూసినవాణ్ణి కాబట్టి నాకేమీ అనిపించలేదు. రోడ్డు రోలరు గుర్తు కారులా కనబడుతుందని పెద్ద రాద్ధాంతమై, రిటర్నింగ్ అధికారినే మార్చిన ఎన్నిక అది. ఉంగరం గుర్తు మీద నిలబడ్డ కేఏ పాల్ పది వేళ్ళకూ ఉంగరాలు పెట్టుకుని బూత్‌ల వెంట పరుగులు తీశారు. మా అమ్మ చిటికి పక్కన పెట్టి ఆ వీడియో రెండుసార్లు చూసింది.

93 శాతం ఓట్లు పడ్డాయి. లెక్కింపు నాడు చౌటుప్పల్ రౌండ్లలో బీజేపీ కాస్త ముందుకెళ్ళేసరికి హోటల్లో టెన్షన్. చివరికి టీఆర్ఎస్ నుంచి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి 10,309 ఓట్లతో గెలిచారు. కంకి కొడవలి వాళ్ళు ఈసారి కారుకు మద్దతిచ్చారు. పాల్వాయి కూతురు స్రవంతి చెయ్యి గుర్తు మీద నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నారు. ఇద్దరు ముసలాళ్ళూ బతికుంటే ఆ రోజు బల్ల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చునేవాళ్ళో!

ఏడాది తిరిగిందో లేదో మళ్ళీ ఓట్లు. రాజగోపాల్ రెడ్డి బీజేపీ వదిలి కాంగ్రెస్‌కు తిరిగొచ్చి, చెయ్యి గుర్తు మీద నలభై వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఆ రాత్రి మామ నాకు ఫోన్ చేశాడు.

"అల్లుడూ, నువ్వు సదువుకున్నోనివి, చెప్పు. మనిషి గెలిచిండా, గుర్తు గెలిచిందా?"

"ఎందుకు మామా?"

"పందెంల సగం మంది మనిషి పేరు రాపిచ్చిండ్రు, సగం మంది గుర్తు రాపిచ్చిండ్రు. ఇద్దరూ గెలిచినమనే అంటున్నరు. మరి చాయ్ పైసలు ఎవని తాన వసూలు జెయ్యాలె?"

నేనేం చెప్పానో గుర్తులేదు. రెండు వర్గాల దగ్గరా వసూలు చేశాడని మొన్న దినాలప్పుడు ఆయన కొడుకు చెప్పాడు.